పదింబావు నుంచి పన్నెండున్నర దాకా

నా ఉద్యోగం అనుమానించడం. కార్డు మీద మాత్రం ఇన్సూరెన్స్ సర్వేయరు అని ఉంటుంది. స్కూటరుని వ్యాను గుద్దినా, గోడౌను తగలబడినా, కొట్లోకి వాననీళ్ళు వచ్చినా కంపెనీవాళ్ళు నన్ను పంపిస్తారు. పోయిందంటున్నది నిజంగా పోయిందా, పోతే ఎంత పోయింది, అసలు అది ఉండేదా అని చూసి రిపోర్టు రాస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటిరోజే ఒక ముక్క చెప్పేవాణ్ణి: "ఆధారం లేనిదే నష్టం లేదు." వాళ్ళు శ్రద్ధగా రాసుకునేవాళ్ళు.

ముఖ్యంగా ఫోటోల విషయంలో నన్ను మోసం చెయ్యడం ఎవడి తరమూ కాదు. పోయినేడు ఒక బట్టల కొట్టాయన, ప్రమాదానికి ముందు తీసిందంటూ ఒక ఫోటో తెచ్చాడు. బీరువాల నిండా చీరలు, ముందు నవ్వుతూ ఆయన. అంతా బాగుంది గానీ వెనక గోడ మీది క్యాలెండర్లో, కొట్టు తగలబడిన నెల తర్వాతి నెల కనబడుతోంది. అందుకే ఎవరు ఫోటో ఇచ్చినా నేను మనుషుల్ని చూడను, వెనక గోడని చూస్తాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

మా ఆవిడ కూడా మొదట నాకు ఒక క్లెయిముగానే పరిచయం. ఆసుపత్రి ముందు నిలబెట్టిన ఆవిడ స్కూటర్ని ఎవడో గుద్దేసి పోతే నేను సర్వేకి వెళ్ళాను. మడ్‌గార్డు మీద సొట్ట పాతదని కొట్టేశాను. కొత్తదేనని ఆవిడ, తుప్పు పట్టింది చూడండని నేను, నడిరోడ్డు మీద పావుగంట వాదించుకున్నాం. ఆర్నెల్లకి పెళ్ళయింది. ఇది జరిగి పదకొండేళ్ళు. ఆ సొట్ట సంగతి ఇప్పటికీ తేలలేదు.

ఆవిడ డయాలసిస్ టెక్నీషియను. కిడ్నీలు మొరాయించినవాళ్ళ రక్తాన్ని మిషన్లోకి పంపి, శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కించే పని. ఒక్కొక్కరికి నాలుగు గంటలు. అరగంటకోసారి బీపీ, మిషను రీడింగులు చూసి చార్టులో రాయాలి. పదహారేళ్ళ సర్వీసు. విదేశంలో ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు కంప్యూటర్లోనే మూడుసార్లు ఇంటర్వ్యూ చేసి, మీలాంటివాళ్ళే కావాలి, ఫలానా తేదీకి వచ్చి చేరండి, వర్క్ వీసాకి కాగితాలు మేమే పంపుతాం అన్నారు. భర్త డిపెండెంటుగా రావచ్చునన్నారు. డిపెండెంటు! నలుగురి నష్టాలు తేల్చే మనిషిని, నాకా మాట గొంతులో వెలక్కాయలా అడ్డుపడింది. అయినా మింగాను. ఆవిడ వెళ్ళి నేను ఉండిపోవడం అన్న ఆలోచన దానికన్నా పెద్ద వెలక్కాయ.

కాగితాలన్నీ పట్టుకుని కన్సల్టెన్సీకి వెళ్ళాం. ఫైళ్ళు చూసే అమ్మాయి మా ఆవిడ సర్టిఫికెట్లు తిరగేసి "మేడమ్‌ది క్లీన్ ఫైలు" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"సార్, మీ ఇద్దరిదీ నిజమైన సంసారమని చూపించాలి."

"పెళ్ళి సర్టిఫికెట్టు ఉందిగా."

"పెళ్ళయిందని కాదు సార్, కాపురం చేస్తున్నారని. ఈ మధ్య వీసా కోసం ఉత్తుత్తి పెళ్ళిళ్ళు ఎక్కువయ్యాయి. ఆఫీసర్లు గట్టిగా చూస్తున్నారు. జాయింటు అకౌంటు ఉందా?"

లేదు. ఆవిడ జీతం ఆవిడ బ్యాంకులో, నాది నా బ్యాంకులో. ఇంటి అగ్రిమెంటు నా ఒక్కడి పేరు మీద. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద. పిల్లలా, లేరు. ఎవరివల్ల లేరో తేల్చే సర్వే మేమిద్దరం చేయించుకోలేదు. ఆ అమ్మాయి ఆ గడిలో గీత పెట్టి, కళ్ళెత్తకుండానే తర్వాతి ప్రశ్నకి వెళ్ళింది.

"పెళ్ళి తర్వాత కలిసి దిగిన ఫోటోలు?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. పదకొండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి లేదు. నా ఫోన్లో ఏడు వేల ఫోటోలున్నాయి. అన్నీ సొట్టలు, పగుళ్ళు, మసిబారిన గోడలు.

"పోనీ మెసేజీలు ఇవ్వండి సార్. భార్యాభర్తలన్నాక రాసుకుంటారుగా" అని నా ఫోను తీసుకుని చూసింది. చూసి చూసి, మొహం చిట్లించింది. "సార్, ఈ 'ఇల్లు' ఎవరు? మీ ఇంటి ఓనరా?"

నా ఫోన్లో మా ఆవిడ పేరు అదే మరి. మొదట్లో ఇంటి నుంచి ఫోనొస్తే తెలియాలని అలా పెట్టుకున్నాను, ఉండిపోయింది. ఆ అమ్మాయి ఓనరనుకోవడంలో తప్పులేదు. "మోటారు ఆపారా?" "ఆపాను." "తాళం కుండీ కింద." "సరే." "వాన. బట్టలు." "తీశాను." "పాలు." "తెచ్చాను." పదకొండేళ్ళూ ఇదే పురాణం. మా ఆవిడ ఫోను అడిగితే అది ఇంకా అన్యాయం. అందులో నా పేరు ఇప్పటికీ 'స్కూటర్ సర్వేయర్' అనే ఉంది.

"కొంచెం ప్రేమగా రాసుకున్నది ఏమైనా..." అని నసిగింది.

"ఒకే కప్పు కింద ఉంటూ ఉత్తరాలు రాసుకుంటారుటమ్మా ఎవరైనా!" అని నేను లేచాను.

"నాతో అరిస్తే ఏం లాభం సార్? ఆఫీసరు నమ్మాలి. ఆధారం లేకపోతే సంసారం లేనట్టే వాళ్ళకి."

ఓడలు బండ్లవుతాయంటే ఏమిటో ఆ కుర్చీలో తెలిసింది. మా ఆవిడ చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుకుంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటతోనే అటునుంచటు పిండిమరకి వెళ్ళాను. షార్ట్ సర్క్యూట్‌తో తగలబడిన మర అది. ఓనరు ముసలాయన. పిండి మరలు రెండూ, కారం పట్టేది ఒకటీ, మొత్తం మూడు పోయాయని క్లెయిము పెట్టాడు. పిండి మరలు రెండూ మాడిపోయి కళ్ళ ముందున్నాయి, వాటికి పేచీ లేదు. కారం మర మాత్రం జాడ లేదు. మంటలారాక శిథిలాలు ఎత్తినవాళ్ళు, దాని మీద కూలిన పైకప్పు ఇనుముతో పాటు దాన్నీ లారీకెత్తి తీసుకుపోయారట. కొన్న రసీదు కొట్లోనే కాలిపోయిందట. నేల మీద నాలుగు బోల్టులు మాత్రం పొడుచుకొచ్చి ఉన్నాయి.

"బోల్టులకి ఏ మరైనా బిగించొచ్చు. కారం మర ఇక్కడుండేదని నాకెలా తెలుస్తుంది?"

"ఊరందరూ మిరపకాయలు ఇక్కడే పట్టించుకునేవారండీ. ఎవరినడిగినా చెబుతారు. అసలు నాకు తిండి పెట్టింది అదేనండీ, ఈ రెండూ కాదు."

"మాటలు కాదు, ఆధారం. మర నడుస్తుండగా తీసిన ఫోటో ఒక్కటుందా?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "రోజూ కళ్ళ ముందుండేదాన్ని ఎవరు ఫోటో తీసుకుంటారండీ? పోతుందని తెలిస్తే తీసుకుందును."

ఇలాంటివి చాలా విన్నాను. నష్టపోయినవాళ్ళకి మాటలు బాగా వస్తాయి. మామూలుగా అయితే పక్కవాళ్ళని ఇద్దర్ని అడిగి, అనుమానం మిగిలితే సగమైనా రాసేవాణ్ణేమో. ఆ రోజు అడగలేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపించి, 'మూడవ యంత్రం ఉనికికి ఆధారం లేదు' అని రాసి సంతకం పెట్టేశాను.

ఇక నా ఆధారం సంగతి. ఆదివారం మా బావమరిదిని కెమెరా పట్టుకు రమ్మన్నాను. పెళ్ళి తర్వాత పదకొండేళ్ళలో తీసుకున్నట్టుగా ఎనిమిది ఫోటోలు కావాలి. మా ఆవిడ "ఎందుకివి?" అంది. "ఫైలుకి, ఒక్కోటి ఒక్కోలా ఉండాలి" అన్నాను. ఏదో సరదాపడుతున్నాడనుకుని ఊరుకుంది. తేదీలు మారుస్తానన్న ముక్క నేను చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని తెలుసు.

దొంగ ఫోటోలు పట్టుకునేవాడు తియ్యడానికి కూర్చుంటే ఎలా ఉంటుంది! క్యాలెండరు పీకేశాను. గోడగడియారం దించేశాను. రెండేసి ఫోటోలకోసారి కర్టెన్లు మార్చాను. సోఫాని ఈ గోడ నుంచి ఆ గోడకి లాగించాను. మీసానికి నల్లరంగు దట్టించి పాత ఫోటోలతో మొదలుపెట్టి, కొంచెం కొంచెం కడుక్కుంటూ ఈనాటికి వచ్చాను. మా ఆవిడ చీరలు మార్చలేక అలిసిపోయింది.

"బావగారూ, మీరు క్లెయిములు పట్టుకోవడం మానేసి పెట్టడం మొదలెడితే కంపెనీలు దివాలా తీస్తాయి" అన్నాడు బావమరిది.

"నోర్మూసుకుని తియ్యి. అక్క మీద వెలుతురు పడట్లేదు."

ఆరో ఫోటో దగ్గర మీసం రంగు చెమటకి కారి నా గడ్డం మీదకి వచ్చింది. మా ఆవిడ చూసి పకపకా నవ్వింది. నవ్వు ఆపుకోలేక నా భుజం మీద తల ఆనించేసింది. వాడు అప్పుడే నొక్కాడు. "ఇది పనికిరాదు, మీసం తెలిసిపోతోంది" అని నేను దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీయించాను. కెమెరా లోపల పడే తేదీ దొరక్కుండా అన్నిటినీ అచ్చు వేయించి, కాస్త నలిపి, మళ్ళీ స్కాన్ చేయించి, కింద తేదీలు వేసి పంపాను. నా వృత్తి జీవితంలో అంత పకడ్బందీ పని ఇంకోటి లేదు.

నెల తిరక్కుండా ఒక సాయంత్రం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చింది. చెప్పులు విప్పలేదు. తిన్నగా నా ముందుకొచ్చి, చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టింది. పెద్ద తెల్ల డయలు, నల్లటి అంకెలు. నాలుగు బారల దూరం నుంచి కూడా టైము కనబడుతుంది.

"చూశారా దీన్ని?"

"నీ వాచీయేగా. ఏమైంది, ఆగిపోయిందా?"

ఆవిడ ఫోను తీసి చదివింది. దరఖాస్తు ఆవిడ పేరు మీదిది గనక ఉత్తరం ఆవిడకే వచ్చింది. "పదకొండేళ్ళ కాలంలో తీసినవంటూ మీరు సమర్పించిన ఎనిమిది ఫోటోల్లోనూ దరఖాస్తుదారు చేతి గడియారం పదింబావుకి మొదలై, మీరిచ్చిన తేదీల వరుసలోనే ముందుకి నడిచి, పన్నెండున్నరకి ముగిసింది. దీనికి ఇరవై ఎనిమిది రోజుల్లో వివరణ ఇవ్వగలరు. లేనియెడల తప్పుడు పత్రాలు సమర్పించిన కారణంగా మొత్తం దరఖాస్తు తిరస్కరించబడును."

నిజం చెప్పొద్దూ, మొదట నాకు కలిగింది మెచ్చుకోలు. ఎవడో గానీ గట్టి పిండం! తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. గోడ మీది గడియారం దించినవాణ్ణి, పెళ్ళాం చేతికున్నది చూడలేదు. రెండో క్షణంలో 'మొత్తం దరఖాస్తు' అన్న ముక్క బుర్రకెక్కింది.

"ఫైలుకన్నారు. తేదీలు మారుస్తానని చెప్పారా?"

"అందరూ చేసేదే..."

"అందరి సంగతి నాకొద్దు." ఆవిడ ఎప్పుడూ అరవదు. అప్పుడూ అరవలేదు, అదే భయంగా ఉంది. "పదహారేళ్ళలో చూడకుండా ఒక్క రీడింగు రాయలేదండీ నేను. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న రోజు కూడా లేచి, మిషను దగ్గరికి వెళ్ళి, చూసి రాశాను. రాసింది తప్పయితే ఆ మంచం మీద ఉన్నవాడు పోతాడు. అలాంటిదాన్ని, నా పేరు మీద అబద్ధం పంపించారు. ఇంక నేను ఏ ఆసుపత్రికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ పూట నేనే అన్నం వండాను. ఎవరూ తినలేదు.

మర్నాడు కన్సల్టెన్సీ అమ్మాయి తల పట్టుకుంది. తర్వాత రెండు దారులున్నాయంది. ఒకటి, నా పేరు దరఖాస్తులోంచి తీసేయడం. తప్పంతా భర్తదే, నాకు సంబంధం లేదని మేడమ్ ఒక్క కాగితం రాసిస్తే ఆవిడ ఉద్యోగం, వీసా దక్కుతాయి. నేను మళ్ళీ ఎప్పుడైనా విడిగా పెట్టుకోవచ్చు, ఇంత జరిగాక ఇస్తారని మాత్రం అనుకోవద్దు. రెండోది, నా పేరు ఉంచి, జరిగింది జరిగినట్టు రాసి, ఇద్దరి తలలూ ఆఫీసరు ముందు పెట్టడం. "నేనైతే మొదటిదే చెబుతాను మేడమ్" అంది.

మెట్లు దిగుతుంటే మా ఆవిడ మధ్యలో ఆగిపోయింది.

"ఒక్క మాట చెప్పండి. నాతో రావాలని ఇదంతా చేశారా, ఆ ఆఫీసర్ని గెలవాలనా?"

"రావాలనే! ఇంకెందుకు? నువ్వు లేకుండా ఆ ఇంట్లో నేను ఏం చేసుకు చావను?" నాకు తెలియకుండానే అరిచేశాను. మెట్లెక్కుతున్న ఒకాయన ఆగి మా ఇద్దరినీ చూసి, గోడవారగా తప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ వాచీ పట్టీ సర్దుకుంటూ అంది. "పేరు తీసెయ్యడం ఒక్క నిమిషం పని. నేను తియ్యను. మీరు తప్పు చేశారు, మీరే రాయండి. ఉన్నదున్నట్టు."

ఉన్నదున్నట్టు రాయడం ఎంత కష్టమో మీకు తెలుసో లేదో. ఇరవై రెండేళ్ళు ఇతరుల గురించి రాసిన చెయ్యి. మొదట 'దరఖాస్తుదారు భర్త అనగా ఈ క్రింది సంతకందారు' అని మొదలుపెట్టాను. మా ఆవిడ చదివి చింపేసింది. 'సాంకేతిక కారణాలవల్ల తేదీల విషయంలో పొరపాటు దొర్లినది' అని రాశాను. అదీ చింపేసింది. "దొర్లలేదు, మీరు దొర్లించారు" అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పెన్ను బాగాలేదన్నాను. ఇంకో పెన్ను తెచ్చి ఇచ్చింది. గడువులో ఇరవై రోజులు అయిపోయాయి. ఆసుపత్రివాళ్ళు ఎప్పుడు చేరతారని అడుగుతున్నారు. ఆవిడ రోజూ డ్యూటీకి వెళ్ళొస్తోంది, నన్ను ఒక్క మాట అనట్లేదు. అనకపోవడం భరించలేక ఒకరోజు కూర్చుని ఒక్క ఊపున రాసేశాను.

"అయ్యా, ఆ ఫోటోలన్నీ ఒకే రోజు తీసినవి. తేదీలు నేను వేశాను. మా ఆవిడకి తెలియదు. ఇలాంటి అబద్ధాలు పట్టుకోవడమే నా వృత్తి, అందుచేత నన్నెవరూ పట్టుకోలేరనుకున్నాను. గోడగడియారం తీశాను. ఆవిడ చేతికున్నది నాకు కనబడలేదు. మాకు ఫోటోలు లేవు. రోజూ కళ్ళ ముందుండేదాన్ని ఎవరు ఫోటో తీసుకుంటారండీ? పోతుందని తెలిస్తే తీసుకుందును. పదకొండేళ్ళ మెసేజీలు జతపరుస్తున్నాను. వాటిలో పాలు, తాళం, మోటారు తప్ప ఏమీ లేవు. 'ఇల్లు' అన్నది ఆవిడ, 'స్కూటర్ సర్వేయర్' అన్నది నేను. ఆవిడ వెళ్ళిపోతే మోటారు ఆపమని చెప్పేవాళ్ళుండరు, ట్యాంకు పొర్లుతూనే ఉంటుంది. శిక్ష వేస్తే నాకు వెయ్యండి. ఆవిడ చూడకుండా ఒక్క రీడింగు కూడా రాసిన మనిషి కాదు."

మీసం రంగు కారిన ఆ పనికిరాని ఫోటో కూడా పెట్టాను. ఈసారి నిజం తేదీ వేశాను.

మా ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళు తుడుచుకుంది. నా నెత్తిన పాలు పోసినట్టయింది. అంతలో వేలు ఒక వాక్యం మీద పెట్టింది.

"ఈ మాట మీది కాదే."

"ఏది?"

"రోజూ కళ్ళ ముందుండేదాన్ని... అన్నది. మీరిలా మాట్లాడరు. ఎవరిది?"

నాకు నిజంగానే ఆ క్షణం దాకా గుర్తులేదు. గుర్తొచ్చాక చెప్పక తప్పలేదు. పిండిమర, నాలుగు బోల్టులు, ముసలాయన, అన్నీ చెప్పాను.

"ఆయన క్లెయిము ఏం చేశారు?"

"మూడో మర కొట్టేశాను."

ఆవిడ కాగితం మడిచి నా చేతికిచ్చింది. "పంపించండి. వీసా వచ్చినా రాకపోయినా ఆయన దగ్గరికి వెళ్ళండి" అని స్నానానికి వెళ్ళిపోయింది.

ఐదు వారాలకి వీసాలు వచ్చాయి. ఇద్దరికీ! ఫోటోల విషయంలో తీవ్రంగా హెచ్చరిస్తున్నామనీ, భర్త ఇచ్చిన వివరణ నమ్మదగినదిగా భావిస్తున్నామనీ రెండు లైన్లు. నమ్మదగినది! నేను ఆ మాట రాసిన రిపోర్టులు నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బావమరిది వచ్చి గంతులేశాడు. మా ఆవిడ నవ్వింది గానీ, నవ్వుతూనే నా వైపు అదోలా చూసింది. వెళ్ళారా అని అడగలేదు.

వెళ్ళాను. ముందు కంపెనీ ఆఫీసుకి. క్లెయిముల మేనేజరు ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. లేచి కుర్చీ వేశాడు.

"పిండిమర ఫైలు మళ్ళీ తెరవాలి. నేను రాసింది తప్పు" అన్నాను.

"కొత్త ఆధారం ఏమైనా వచ్చిందా సార్?"

"లేదు. కానీ ఆయన చెప్పింది నిజం. కారం మర ఉండేది."

"మీకెలా తెలుసు సార్?"

"తెలుసు."

వాడు ఇబ్బందిగా నవ్వాడు. "ఆధారం లేనిదే నష్టం లేదు. మీరు నేర్పిందేగా సార్" అన్నాడు. వెటకారం కాదు, భక్తిగానే అన్నాడు. టీ తెప్పించి, విదేశాలకి వెళ్తున్నందుకు చెయ్యి కలిపి పంపించాడు.

ఇంటికొచ్చి ఒక కాగితం రాశాను. పక్కవాళ్ళని విచారించకుండా, కోపంలో, తొందరపడి రాశాననీ, ఆ రిపోర్టు చెల్లదనీ, పైవాళ్ళకి అప్పీలు చేసుకుంటే దీన్ని జతపరచవచ్చుననీ రాసి సంతకం పెట్టాను. ఇది బయటికొస్తే నా లైసెన్సు పోవచ్చు. అయినా పెట్టాను. గొప్పేమీ లేదు లెండి, అప్పటికి జేబులో టికెట్టు ఉంది. టికెట్టు లేని రోజున ఈ ధైర్యం ఎక్కడ చచ్చిందో నాకూ తెలియదు.

మా ఆవిడ స్కూటరు మీదే వెళ్ళాం. ఆవిడ బయట స్టాండు వేసి నిలబడింది. ముసలాయన ఒక పిండి మర మాత్రం బాగుచేయించి నడుపుతున్నాడు. కారం మర ఉన్న చోట నాలుగు బోల్టులూ అలాగే ఉన్నాయి, ఎవరూ తట్టుకుని పడకుండా వాటి మీద బోర్లించిన తట్ట. నన్ను చూసి మర ఆపాడు. కనుబొమ్మల మీదంతా పిండి.

"రండి సారూ. విదేశాలకి వెళ్తున్నారటగా, కంపెనీలో చెప్పారు. మంచిది."

కాగితం ఇచ్చాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, నిదానంగా మొత్తం చదివాడు.

"ఉన్నట్టుండి నన్నెందుకు నమ్మారండీ?"

అబద్ధం చెప్పొచ్చు. బయట స్కూటరు దగ్గర మా ఆవిడ ఉంది. "నా వీసాకీ ఆధారం అడిగారు. నా దగ్గర లేదు. మీరన్న మాటే రాశాను. రోజూ కళ్ళ ముందుండేదాన్ని ఎవరు ఫోటో తీసుకుంటారని. నమ్మారు."

"ఎవరు?"

"అక్కడి ఆఫీసరు. నేనెవరో కూడా తెలియదు ఆయనకి."

ముసలాయన మళ్ళీ కాగితం వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"అయితే మాట మంచిదేనన్నమాట" అన్నాడు చివరికి. "నా నోట్లోంచి వచ్చింది గనక చెల్లలేదు."

ఇంతలో ఎవరో గోధుమల డబ్బా తెచ్చి గట్టు మీద పెట్టారు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, మర స్విచ్ వేశాడు.